ఎవరి చప్పుడు, ఎవరి నిశ్శబ్దం?

మా ఇంట్లో ఒక పాత చిన్న కారు ఉంది. నాయన కొన్నది. నాయన పోయాక దాన్ని అమ్మేయమని చాలామంది సలహా ఇచ్చారు. "ఆడోళ్లు ఇద్దరుండే ఇంటికి కారెందుకు?" అన్నది ఆ సలహాలన్నిటి సారాంశం. కానీ అమ్మను నెలకోసారి నెల్లూరు డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. హైదరాబాదులో పీహెచ్‌డీ ముగించి, ఆ కాలేజీలో కొన్నాళ్లు ఈ కాలేజీలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, చివరికి అమ్మ కోసం అనంతసాగరం చేరుకున్న నాకు డ్రైవింగ్ వచ్చు. అందుకని కారు మిగిలిపోయింది.

ఒక వేసవిలో ఆ కారు అరవడం మొదలుపెట్టింది. మొదట సన్నగా బుస కొట్టినట్టు ఉండేది. తర్వాత ట్రాక్టరు చప్పుడు. ఆ తర్వాత దేంతోనూ పోల్చలేని చప్పుడు. తెల్లారి ఆరింటికి నేను కారు తీస్తే చెరువు కట్ట మీద నడిచేవాళ్లు తిరిగి చూసేవాళ్లు. "ఏం మే, రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చినట్టుండావే, యాడికి పోయినావు?" అని పక్కింటి పెద్దమ్మ కొళాయి దగ్గర అడిగేది. అంతకు ముందు నా రాకపోకలు చూసినవాళ్లకే తెలిసేవి. ఇప్పుడు చూడనవసరం లేదు. పడుకున్న వాళ్లకు కూడా తెలిసేవి.

"ఊరంతా ఇనపడతా ఉండాది పాపా, సిగ్గుపోతా ఉండాది. ముందు ఆ శబ్దం ఆపించు" అంది అమ్మ.

ఇప్పుడు తలచుకుంటే ఆ వాక్యం దగ్గరే ఆగిపోతాను. కారు చెడిపోయిందని అమ్మ అనలేదు. బాగు చేయించమనీ అనలేదు. శబ్దం ఆపించమంది. నేను కూడా అట్లాగే అనుకున్నాను. ఆరేళ్లు కూర్చుని స్త్రీల కథల్లో మౌనం గురించి సిద్ధాంత గ్రంథం రాసిన నాకు, చప్పుడు చేస్తున్నదాని నోరు ముందు మూయించాలనే తోచింది తప్ప అది ఏం చెబుతోందో వినాలని తోచలేదు.

ఆత్మకూరులో ఒక షెడ్డుకు తీసుకుపోయాను. షెడ్డాయన వంగి కిందికి చూసి, లేచి, నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. "ఇంట్లో మగోళ్లెవురన్నా ఉంటే పంపించమ్మా, వివరంగా చెప్తా" అన్నాడు. చెడ్డగా అనలేదు. నిజంగానే ఆ వివరం నాకు అక్కర్లేదనుకున్నాడు. మా ఇంట్లో వివరం వినేది నేనేనని చెప్పాక, "సైలెన్సర్ తుప్పు పట్టి పోయింది, కొత్తది తెప్పించాలంటే వారం పడతాది, ఇప్పటికి రేకు చుట్టి ఇస్తా" అన్నాడు. పదహారేళ్లు ఉంటాయో లేదో, ఒక పిల్లాడు అట్టముక్క పరుచుకుని కారు కిందికి జారాడు. ఏదో ముద్ద పూసి, రేకు చుట్టి, క్లిప్పులు బిగించాడు. చప్పుడు సగానికి సగం తగ్గింది. ఇంటికొచ్చాక అందరికంటే ఎక్కువ సంతోషించింది అమ్మ.

మరో నెల గడిచింది. ఒకరోజు నెల్లూరు నుంచి వచ్చి కారు దిగగానే అమ్మ అరుగు మీద తల పట్టుకుని కూర్చుంది. ఏమైందని అడిగాను.

"ఏంలే. కారెక్కితే అంతే. తల దిమ్ముగా ఉంటాది, వాంతి వచ్చినట్టు ఉంటాది. దిగి కాసేపు కూర్చుంటే సర్దుకుంటాది."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండు నెలలయింది."

"మరి చెప్పలేదే?"

"ఎందుకులే అని. నీకే సవాలక్ష పనులు."

వెనక సీటు కింద పట్టా ఎత్తి చూశాను. నేల రేకులో రూపాయి బిళ్లంత తుప్పు కన్నం. దానికి కొంచెం ముందు, గొట్టం సైలెన్సరుతో కలిసే అతుకు దగ్గర నల్లగా మసి. రేకు చుట్టింది డబ్బాకు. పొగ కారుతున్నది అతుకు దగ్గర. వేసవి కాబట్టి అద్దాలు ఎత్తేసి ఏసీ వేసుకుని తిరిగాం. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, చప్పుడు అసలే లేదు. రక్తంలో ఆమ్లజని ఉండాల్సిన చోట అది చేరి కూర్చుంటుంది. తలనొప్పి, వికారం, మగత దాని మొదటి గుర్తులు. మూసిన చోట ఎక్కువైతే నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అమ్మ తలనొప్పి దానివల్లేనని నేను రుజువు చెయ్యలేను. ఆ మర్నాటి నుంచి అమ్మను ఆ కారు ఎక్కించలేదు, అంతే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారు అరిచినంత కాలం తనకేం జరుగుతోందో చెబుతూనే ఉంది. మేమిద్దరం కలిసి దాని నోరు మూయించాం. అమ్మ నోరు మూయించాల్సిన అవసరం కూడా లేకపోయింది. అది ఎప్పుడో మూతపడింది.

నా పరిశోధన చేసిందే మౌనం మీద. చదివింది తక్కువేం కాదు. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే, మరుసటి ఏడు ప్రభుత్వం అశ్లీలమని ప్రతులను పట్టుకుపోయింది. ప్రకాశం పంతులు ప్రభుత్వ కాలం దాకా, అంటే మూడు దశాబ్దాలు దాటాక గాని ఆ నిషేధం పోలేదు. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1990లలో వచ్చిన స్త్రీల రచనల సంపుటాలు ఇట్లాంటి ఎన్నో గొంతుల్ని వెతికి పట్టుకొచ్చాయి. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలికే పనిలో పడి ఒకామె తన పేరే మరిచిపోతుంది. అమెరికాలో టిల్లీ ఓల్సెన్ 1978లో 'సైలెన్సెస్' అనే పుస్తకమే రాసింది. పిల్లలు, ఇంటిపని, కూలి కలిసి ఎందరి రచనల్ని పుట్టకముందే ఆపేశాయో లెక్కపెట్టింది. మౌనం మనల్ని కాపాడదని ఆడ్రీ లార్డ్ క్యాన్సర్ భయం మధ్య నిలబడి 1977లో చేసిన ప్రసంగంలో వాదించింది. వీటన్నిటి మీద నేను అధ్యాయాలు రాశాను. మౌనం అంటే అణచివేత, గొంతు విప్పడం అంటే విముక్తి. ఇది మా తరం విద్యార్థినులకు కంఠతా వచ్చిన సూత్రం.

సూత్రం అబద్ధమని అనడం లేదు. కానీ ఇంట్లో అమ్మ తలనొప్పిని రెండు నెలలు మింగుతుంటే ఆ సూత్రం నాకు ఎందుకు పనికిరాలేదు? గొంతు విప్పడం గురించి మనం చాలా మాట్లాడాం. వినడం గురించి, అడగడం గురించి అంత మాట్లాడామా? మౌనంగా ఉన్నవాళ్లది ఒక బాధ్యత అయితే, ఆ మౌనం సౌకర్యంగా ఉంది గదా అని వదిలేసిన వాళ్లది ఏ బాధ్యత?

సైలెన్సర్ నేనే మార్చాలని అనుకోవడానికి ఆ కోపం ఒక కారణం. రెండోది, ఆ వివరం ఏమిటో తెలుసుకోవాలన్న పంతం. నెల్లూరు పోయి మా కారుకు సరిపోయే సైలెన్సర్, అతుకు మధ్య వేసే గాస్కెట్, రెండు బోల్టులు, వేలాడదీసే రబ్బరు కడియాలు కొనుక్కొచ్చాను. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాను. పిల్లను ఎత్తుకున్నట్టుందని కండక్టరు నవ్వాడు.

చెయ్యి పెట్టబోయే ముందు అది ఎట్లా పనిచేస్తుందో చదివాను. సైలెన్సర్ అంటే పొగను అడ్డుకుని చప్పుడు ఆపే మూత అని అప్పటిదాకా నా ఊహ. కాదు. సిలిండరులో పెట్రోలు మండిన ప్రతిసారీ కవాటం తెరుచుకుని వేడి వాయువు ఒక్క ఉదుటున బయటికి తన్నుకొస్తుంది. నిమిషానికి వేలసార్లు. ఆ తన్నుడే చప్పుడు. సైలెన్సర్ లోపల కన్నాలు పొడిచిన గొట్టాలు, చిన్న చిన్న అరలు ఉంటాయి. వాయువు వాటిలో వ్యాపిస్తుంది, మలుపులు తిరుగుతుంది. శబ్ద తరంగాలు గోడలకు తగిలి వెనక్కి వచ్చి ఎదురొచ్చే తరంగాలను తాకుతాయి. ఒకదాని పొంగు ఇంకొకదాని పల్లంలో పడితే రెండూ చల్లారతాయి. కానీ లోపలికి వచ్చిన వాయువు మొత్తం బయటికి పోతుంది. పోవాలి. పోయే దారి మూస్తే చప్పుడు ఒక్కటే ఆగదు, ఇంజనే ఆగిపోతుంది.

తుప్పు సంగతి ఇంకా ఆశ్చర్యం. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. ఆవిరిగా పుట్టి, చల్లటి సైలెన్సరులో నీరై నిలుస్తాయి. దూరప్రయాణం చేస్తే డబ్బా బాగా వేడెక్కి ఆ నీరు ఎగిరిపోతుంది. దగ్గర దగ్గర తిప్పే కారులో అంత వేడి పుట్టదు. ఆమ్లం కలిసిన ఆ నీరు లోపలే ఉండిపోయి లోపలి నుంచే రేకును తింటుంది. పైన రంగు బాగానే ఉంటుంది. నాయన ఉన్న రోజుల్లో కారు కడపకూ తిరుపతికీ పోయేది. నా చేతికొచ్చాక బజారు, బ్యాంకు, సోమశిల రోడ్డులో కాస్త దూరం, మళ్లీ ఇల్లు. నెలకు ఒక్కసారి నెల్లూరు. నాకు ఎవరూ గీత గియ్యలేదు. "అంత దూరం ఒక్కదానివే ఎందుకు" అన్న మాటలు వినీ వినీ నేనే గీసుకున్నాను. ఆ గీత లోపల తిరిగి తిరిగి డబ్బా కుళ్లింది. ఇది ఉపమ కాదు. మెకానిక్కు ఎవరైనా ఇదే చెబుతాడు.

పని ఆదివారం పెట్టుకున్నాను. ముందు రోజు సాయంత్రం తుప్పు బోల్టుల మీద కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోసి నానబెట్టాను. కారు వాకిట్లో గట్టి నేల మీద నిలిపి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక జాకీతో ఎత్తాను. జాకీని ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకూడదు. అది జారితే అరిచే వ్యవధి కూడా ఉండదు. ఇటుకలు పేర్చడం ఇంకా ప్రమాదం, బరువుకు పగిలిపోతాయి. ట్రాక్టర్లు బాగుచేసే అన్న దగ్గర రెండు ఇనుప స్టాండ్లు అడిగి తెచ్చుకున్నాను. స్టెప్నీ చక్రాన్ని కూడా పక్కనుంచి కిందికి తోసి పెట్టాను. నాయన పాత చొక్కా తొడుక్కున్నాను. తుప్పు కళ్లలో రాలకుండా నాయన చదువుకునే కళ్లద్దాలు పెట్టుకున్నాను.

కారు కిందికి వెళ్లాలంటే వాకిట్లో వెల్లకిలా పడుకోవాలి. తల లోపల, కాళ్లు బయట, వీధి వైపు. ముప్పై ఏళ్లు దాటిన ఆడమనిషి వీధికి కనపడేటట్టు వెల్లకిలా పడుకోవడం ఎంత కష్టమో పడుకునే దాకా నాకు తెలియలేదు. పని తెలియక కాదు, ఒళ్లు ఒప్పుకోక. అట్లా పడుకుని ఎంతసేపయిందో, మీద నీడ పడింది. అమ్మ దండెం మీద పాత చీర వేసి వీధికి అడ్డం కట్టింది. అది నన్ను కాపాడటానికో, తన పరువు కాపాడుకోవటానికో ఆ క్షణాన తెలియలేదు. ఇప్పటికీ అడగలేదు.

బోల్టు కదల్లేదు. మణికట్టుతో తిప్పాను, మోచేత్తో తిప్పాను. ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో రాసిన వ్యాసం ఒకటి ఎం.ఏ. తరగతిలో చెప్పాను, ఆడపిల్లలు బంతి విసిరే తీరు గురించి. ఆడపిల్లలు మొత్తం శరీరాన్ని పనిలోకి దించరు, చెయ్యి ఒక్కటే విసురుతుంది, తక్కిన ఒళ్లు వెనక నిలబడి ఉంటుంది అంటుందామె. అది ఎముకల్లో లోపం కాదు, పెంపకంలో నేర్పిన సంకోచం అని వాదన. పిల్లలకు బోర్డు మీద బాగానే వివరించాను. నా స్పానర్ మీద నా సగం బలం మాత్రమే ఉందని మాత్రం కారు కింద పడుకున్నాక తెలిసింది. కాలు చక్రానికి తన్నిపెట్టి, భుజం నేలకు ఆనించి, స్పానరుకు గొట్టం తొడిగి పొడుగు చేసి, ఒళ్లంతా పెట్టి లాగాను. ఒక బోల్టు ఊడింది. రెండోది విరిగిపోయింది. దాన్ని హాక్సా బ్లేడుతో కోసేసరికి గంట పట్టింది. రబ్బరు కడియాలు సబ్బునీళ్లు పూస్తే జారాయి. పాత డబ్బా ఛాతీ పక్కన దబ్బున పడింది. లోపలి రేకు పెంకులు గలగలమన్నాయి.

కొత్తది ఎక్కించి బోల్టులు బిగించి ఇంజన్ వేస్తే అతుకు దగ్గర మళ్లీ టిక్కుటిక్కుమని చిన్న కారుడు. ఇంకా బిగించాను. ఆగలేదు. విసుగొచ్చి బయటికొచ్చి కూర్చున్నాను. అమ్మ మజ్జిగ తెచ్చి, నేను చెప్పింది విని, "పాత గాస్కెట్టు ముక్క ఏమన్నా అంటుకుని ఉండాదేమో చూడు. కుక్కరుకు అంతే. పాత రబ్బరు పీకు అంటుకుంటే కొత్తది ఎంత నొక్కినా ఆవిరి కారతాది. ఒకే పక్క బిగించినా కారతాది. ఇటు కొంచెం అటు కొంచెం బిగించాల" అంది.

ఇంజన్ ఆపి, గొట్టం చల్లారేదాకా ఆగి విప్పి చూస్తే అంతే. పాత గాస్కెట్ పెంకు ఒకటి అంచుకు పట్టుకుని ఉంది. గీకి, మళ్లీ పెట్టి, ఇటు కొంచెం అటు కొంచెం బిగించాను. కారుడు ఆగింది.

గాస్కెట్. రెండు చోట్లా మాట కూడా ఒకటే. ఎన్నేళ్లుగానో అమ్మ కుక్కరు గాస్కెట్లు మారుస్తోంది, సేఫ్టీ వాల్వు చూస్తోంది, పంపు స్టవ్వుకు పిన్ను పొడిచి వాషరుకు నూనె పోసి పని చేయించింది. ఒత్తిడిలో ఉన్న ఆవిరి ఎట్లా ప్రవర్తిస్తుందో ఆమెకు తెలుసు. దాన్ని ఎవరూ మెకానిక్కు పని అనలేదు. ఆమె కూడా అనుకోలేదు. అదే జ్ఞానం వాకిట్లో కారు కిందికి వస్తే "వివరం" అవుతుంది, మగోళ్లను పిలిచి చెప్పాల్సినంత పెద్దదవుతుంది. ఇంటిపనికి జీతం లేదని మనం సరిగ్గానే అడిగాం. దానికి విద్య అన్న పేరు కూడా లేదని ఇంకా గట్టిగా అడగాల్సి ఉంది.

ఇక్కడితో ఆపితే ఇది ఒక విజయగాథ. కానీ నన్ను సతాయిస్తున్న ప్రశ్న ఇంకా అట్లాగే ఉంది. చివరికి నేను చేసింది ఒక చప్పుడును ఆపడమే గదా? నా రాకపోకలు మళ్లీ ఎవరికీ వినపడకుండా పోవడమే గదా? స్త్రీవాదినని చెప్పుకునే నేను సైలెన్సర్ బిగించి సంతోషపడటంలో అర్థం ఏమిటి?

మా రోడ్డు మీద సాయంత్రాలు బుల్లెట్ బండ్లు పోతుంటాయి. కొందరు కుర్రాళ్లు పనిగట్టుకుని అసలు సైలెన్సర్ పీకించి, చప్పుడు పెంచే గొట్టం పెట్టించుకుంటారు. ప్రతి మోటారు వాహనానికీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన చెబుతోంది. ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆ బండ్లు పోయేటప్పుడు ఊళ్లో ఎవరూ "సిగ్గుపోతా ఉండాది" అనరు. కుర్రాళ్ల సరదా అంటారు. మంచంలో ఉన్న ముసలివాళ్లు ఉలిక్కిపడతారు, చంటిపిల్లలు లేచి ఏడుస్తారు, వాళ్లను మళ్లీ జోకొట్టేది తల్లులు. చప్పుడు చెయ్యడం కూడా ఆస్తి లాంటిదే. ఎవరి చప్పుడు సరదా, ఎవరి చప్పుడు సిగ్గు అనేది ముందే పంచి పెట్టి ఉంది. కాబట్టి చప్పుడే స్వేచ్ఛ అని ఒప్పుకుంటే మనం ఆ పంపకానికే ఓటేసినట్టు.

పోనీ, నిశ్శబ్దమే మర్యాద అందామా? బ్రిటిషువాళ్లు సైలెన్సర్ అన్న వస్తువును అమెరికావాళ్లు మఫ్లర్ అంటారు. మనకు చలికాలం మెడకు చుట్టుకునే ఉన్ని గుడ్డ పేరు. అక్కడ హైరమ్ పెర్సీ మాక్సిమ్ అనే ఆయన 1909లో తుపాకీకి సైలెన్సర్ కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. మాక్సిమ్ మెషీన్‌గన్ తయారుచేసిన వాడి కొడుకు. ఇంజన్ల చప్పుడు తగ్గించే పనీ చేశాడు. రెండింటికీ సూత్రం ఒకటే, వాయువును మెల్లగా విడవటం. కానీ ఇంజన్‌కు బిగిస్తే పక్కవాడికి నిద్ర పడుతుంది. తుపాకీకి బిగిస్తే గుండు తగిలినవాడి నొప్పి ఏమీ తగ్గదు, పక్కవాడికి తెలియకుండా పోతుంది, అంతే. ఇళ్లలో తలుపులు మూసి జరిగే దెబ్బలన్నిటికీ బిగించి ఉన్నది ఈ రెండో రకం. "నాలుగు గోడల మధ్య" అన్న మాట కంటే గట్టి సైలెన్సర్ మన భాషలో లేదు.

ఆ సైలెన్సరును పీకి పారేసింది మా జిల్లా ఆడవాళ్లే. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడుల్లో కలుసుకున్న ఆడవాళ్లు, సారా తాగొచ్చి కొట్టడం తన ఒక్క ఇంటి రహస్యం కాదని ఒకరి నోట ఒకరు విన్నారు. దూబగుంటలో మొదలై 1992లో జిల్లా అంతా పాకింది. చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని సారా ప్యాకెట్ల బండ్లను ఊళ్లోకి రానివ్వలేదు, వేలం పాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో అది పోయింది కూడా. నిలిచిందా లేదా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. ఆ అరుపుకు ముందు ఏముంది అన్నది ప్రశ్న. రాత్రి బడిలో ఒకరు చెబుతుంటే తక్కిన వాళ్లు విన్న నిశ్శబ్దం ఉంది. అది మూయించిన నిశ్శబ్దం కాదు, ఇచ్చిన నిశ్శబ్దం. అది లేకుండా ఆ కేక పుట్టేది కాదు.

అందుకని ఇప్పుడు నేను నిశ్శబ్దాన్ని చూస్తే రెండే ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఇందులో లోపలిది బయటికి పోతోందా? దీని ఖరీదు ఎవరు కడుతున్నారు? రేకు చుట్టి తెచ్చుకున్న నిశ్శబ్దంలో పొగ బయటికి పోలేదు, కారులోకి వచ్చింది. ఖరీదు అమ్మ కట్టింది. కొత్త సైలెన్సరులో పోవాల్సింది అంతా పోతోంది. ఖరీదు నా వేళ్ల మీద నాలుగు గాట్లు. బుల్లెట్ కుర్రాళ్ల చప్పుడుకు కూడా రెండో ప్రశ్న పనికొస్తుంది. ఈ లెక్క అన్ని చోట్లా సరిపోతుందని అనను. నాకు ఇంతవరకు దొరికింది ఇది.

ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. షెడ్డులో అట్ట పరుచుకుని కారు కిందికి జారిన పిల్లాడి వేళ్లకు కూడా గాట్లున్నాయి. అతను దాని మీద వ్యాసం రాయడు. నేను ఒక్క ఆదివారం చేసిన పని, అతను రోజూ చేస్తాడు, అదే పొగ పీలుస్తాడు. నాకది ఆత్మవిశ్వాసం, అతనికది కూలి. ఇనుము పట్టే చేతిని, తోలు పట్టే చేతిని కులం పెట్టి కిందికి నెట్టిన సమాజంలో, పుస్తకం పట్టే చెయ్యి ఒకరోజు స్పానర్ పట్టి పొంగిపోవడం ఎంత సులువో నాకు తెలుసు. పనిముట్టు పట్టుకోవడమే విముక్తి అయితే మేమెప్పుడో విముక్తమయ్యేవాళ్లం అని దళిత స్త్రీలు స్త్రీవాదులను నిలదీస్తే జవాబు ఏముంది? కాబట్టి నా పని గొప్పదని చెప్పను. షెడ్డుకు ఇవ్వాల్సిన కూలి మిగుల్చుకున్నానన్న సంగతి కూడా దాచను. తెలుసుకునే హక్కు వేరు, చెయ్యక తప్పని బతుకు వేరు. మొదటిది అందరికీ కావాలి, రెండోది ఎవరికీ ఉండకూడదు. ఆ పిల్లాడికి నేనిచ్చింది ఏమీ లేదు.

నేల రేకు కన్నానికి వెల్డింగు చేయించాక, మరుసటి నెల అమ్మను నెల్లూరు తీసుకుపోయాను. ఈసారి వెనక కాదు, ముందు సీట్లో. ఆత్మకూరు దాటాక అమ్మ, "ఇంజన్ ఆగిపోయిందా ఏంది, ఇనపడటంలా" అంది. నవ్వాను. కాసేపు ఊరుకుని, ఉన్నట్టుండి చెప్పడం మొదలుపెట్టింది. 1992లో మా వీధి ఆడవాళ్లు సారా బండికి అడ్డం పోయారట. నాకప్పుడు నాలుగేళ్లు. అమ్మ కూడా చీపురు తీసుకుందట. నాయన గడప దగ్గర నిలబడి, ఏమీ అనలేదట, ఊరికే చూశాడట. అమ్మ చీపురు పక్కన పెట్టి నాకు అన్నం కలిపిందట.

"కొట్టలా. తిట్టలా. ఊరికే చూసినాడు, అంతే" అంది.

నాయన తాగేవాడు కాదు. ఆ చూపు గురించి నాకు ముప్పై ఏళ్లుగా తెలియదు. నా సిద్ధాంత గ్రంథంలో ఐదు అధ్యాయాలున్నాయి. ఆ చూపు ఏ అధ్యాయంలోకి వస్తుందో నాకు తెలియలేదు. "అప్పుడేమనిపించింది అమ్మా?" అని అడిగాను.

"ఏమనిపిస్తాది..." అని కిటికీలోంచి బయటికి చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. నేను తొందరపెట్టలేదు. కారులో నిశ్శబ్దంగా ఉంది. తలనొప్పిగా ఉందా అని అడిగాను. లేదంది. నెల్లూరు రాబోయే ముందు మళ్లీ మొదలుపెట్టింది.